చీకటిని ఫొటో తీయబోయి

పత్రికల్లో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికి వస్తే ఒకటే అడుగుతారు. "మీ సర్వీసులో మరిచిపోలేని వార్త ఏది సార్?" ఏ కుంభకోణమో, ఏ పెద్దమనిషి రాజీనామానో బయటికి తీస్తానని వాళ్ళ ఆశ. నేను ఒక కరెంటు స్తంభం గురించి మొదలుపెడతాను. సగంలో ఒకడికి ఫోనొస్తుంది, ఇంకొకడికి టీ గుర్తొస్తుంది. రాతలో ఆ ఇబ్బంది లేదు. మీరు మధ్యలో లేచిపోయినా నాకు తెలియదు కాబట్టి చివరిదాకా చెబుతాను.

నేను రాయగడలో ఒక తెలుగు దినపత్రికకి విలేకరిగా ఉండేవాణ్ణి. ఒడిశాలో ఉన్న తెలుగువాళ్ళ కోసం మా పత్రిక రోజూ ఒక పేజీ ఇచ్చేది. గుణుపురం వైపు రైతుల కష్టం దగ్గర్నించి మునిగుడ స్టేషన్లో తడిసిన చింతపండు బస్తాల దాకా అన్నీ అందులోకే. పేజీ తయారయ్యే డెస్కు మాత్రం సముద్రం ఒడ్డున, పక్క రాష్ట్రంలో. ఇక్కడ వార్త రాసేదీ నేనే, ఫొటో తీసేదీ నేనే. ఫొటోల విషయంలో నాకో సిద్ధాంతం ఉండేది. అందర్నీ వరసగా నిలబెట్టు, శాలువా కనబడేలా చూడు, ఫ్లాష్ కొట్టు, ఇంటికి పో. ఆ సిద్ధాంతంతో లెక్కలేనన్ని ప్రారంభోత్సవాలూ సన్మానాలూ గట్టెక్కించాను. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

నేను రిటైరవడానికి ఇంకా కొంత కాలం ఉందనగా డెస్కుకి కొత్త ఇన్‌చార్జి వచ్చాడు. వచ్చిన వారంలోనే ఫోను చేశాడు.

"ప్రతి ఆదివారం మీ పేజీలో పెద్ద ఫొటో ఒకటి వేద్దాం గురూ. 'రాత్రి వేళ మన ఊరు' అని. ఫ్లాష్ వద్దు. సహజంగా ఉండాలి."

"మా ఊరు తొందరగా పడుకుంటుంది సార్."

"పడుకున్న ఊరే కావాలి."

ఫ్లాష్ లేకుండా రాత్రిపూట ఫొటో అంటే నా దృష్టిలో పొయ్యి లేకుండా వంట. నేరుగా స్టేషన్ రోడ్డులో ఉన్న స్టూడియోకి వెళ్ళాను. స్టూడియో యజమాని పాలకొండ వైపు నుంచి వచ్చిన కుటుంబంవాడు, నాకంటే రెండేళ్ళు చిన్న, పెళ్ళిళ్ళ ఫొటోలు తీసి తీసి ఎవరింట్లో ఏ కూర బాగుంటుందో చెప్పగలిగే మనిషి. నన్ను బావా అంటాడు. చుట్టరికం ఏమిటని అతనూ చూసుకోలేదు, నేనూ అడగలేదు.

"ఫ్లాషు మర్సిపో బావా," అన్నాడు. "రాత్రి ఎలుతురు ఉండదని ఎవడు సెప్పేడు? ఉంటాది. సన్నగా వస్తాది. కుళాయి కింద బిందె ఎట్టేమనుకో, ధార సన్నగా ఉంటే ఏటి సేస్తాం? ఎక్కువసేపు ఎడతాం. కెమేరా కన్ను కూడా అలాగే తెరిసి ఒగ్గీ. నిండుతాది."

"ఎంతసేపు?"

"ముప్పై సెకండ్లు. అందాకా కెమేరా కదలకూడదు. కాళ్ళ బల్ల ఎట్టుకో." అని లోపలికెళ్ళి దుమ్ము పట్టిన ట్రైపాడ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నిజం చెప్పాలంటే ఆ ముప్పై సెకన్లు నాకు బాగా నచ్చాయి. ఉద్యోగమంతా పరుగు మీద చేసినవాడికి, ఒక బటన్ నొక్కి చేతులు కట్టుకు నిలబడే పని దొరికింది. చిక్కు ట్రైపాడ్‌తో వచ్చింది. మూడు కాళ్ళ బల్ల రోడ్డు మీద పెట్టి, దాని వెనక వంగి, ఒక కన్ను మూసి చూసేవాడు మా ప్రాంతంలో ఒక్కడే. సర్వేవాడు. రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట అప్పటికే ఊళ్ళో తిరుగుతోంది.

మొదటి సాయంత్రం స్టేషన్ రోడ్డులో బల్ల నిలబెట్టానో లేదో, కిరాణా కొట్టు షావుకారు టీ గ్లాసుతో వచ్చాడు.

"ఎందాకా పోతాది బాబూ?"

"ఏది?"

"రోడ్డు. నా అరుగు ఉంటాదా, పోతాదా? ఉన్నమాట సెప్పీండి, బెంగ తీరిపోద్ది."

"నేను ఫొటో తీస్తున్నానండీ."

"తియ్యండి, తియ్యండి. ముందు ఫొటోయే తీస్తారు. తరవాతే గదా కొలతలు."

ఎంత చెప్పినా నమ్మలేదు. మర్నాడు చూస్తే షావుకారు తన రేకుల పందిరి వెనక్కి లాగేసుకున్నాడు. అతన్ని చూసి పక్క బజ్జీల బండి, దాని పక్కన చెప్పుల కొట్టు. నాలుగు రోజుల్లో ఆ రోడ్డు ఎంత వెడల్పైందంటే ట్రాఫిక్ కానిస్టేబుల్ నన్ను ఆపి, "మా వీధిలో కూడా ఒకసారి పెడతారా అది?" అన్నాడు.

ఫొటోలు మాత్రం వచ్చాయి. స్టేషన్ మీది వంతెన, తడి ప్లాట్‌ఫాం, మార్కెట్లో ఒంటరి తక్కెడ. కోరాపుట్ వెళ్ళి కొండ మీది గుడి దీపాలు తీద్దామనుకుంటే ఆ రోజు పొగమంచు దిగింది. తెల్ల కాగితం లాంటి ఫొటో వచ్చింది. "పాలు పోసి తీశారా?" అన్నాడు ఇన్‌చార్జి. మిగతావి పెద్దగా వేశాడు. ఆ వయసులో నన్ను కళాకారుడన్నారు. కొంచెం నడక కూడా మారిందని మా ఆవిడ అంది.

ఆ నడకతోనే ఒక రోజు పొద్దుగూకే వేళ పెద్దాసుపత్రి ఎదుట బల్ల నిలబెడుతున్నాను. చేతికి కట్టుతో ఒక పెద్దావిడ వచ్చి పక్కన నిలబడింది. కాసేపు కెమేరాని, కాసేపు నన్ను చూసింది.

"సీకట్లో ఫొటోలు తీసే పేపరు బాబువి నువ్వేనా?"

"నేనేనమ్మా."

"ఊరంతా తీసేవట గదా. మా ఈదికి ఎప్పుడొస్తావు? మా సీకటి బాగోలేదేటి?"

ఆవిడది రాయగడ, కోరాపుట్‌ల మధ్య రైలు ఆగే ఊళ్ళలో ఒకటి. పేరు చెప్పను, చెప్తే అక్కడ ఇప్పుడున్న ఆఫీసర్లు ఉలిక్కిపడతారు. తాతల నాడు శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి మున్సిపాలిటీలో ఊడ్చే పనిలో కుదురుకున్న కుటుంబాలు అక్కడ ఒక వీధి నిండా ఉన్నాయి. వీధికి ఆరు స్తంభాలున్నాయి, తీగలున్నాయి, దీపం పెట్టడానికి పైన ఇనప చెయ్యి కూడా ఉంది. దీపాలు లేవు. వీధి పొడవునా మూత లేని కాలవ. తెల్లారకముందే హాజరుకి వెళ్ళే దారి అదొక్కటే. కిందటి నెల ఈవిడ ఆ కాలవలో పడి మణికట్టు విరిగింది. ఆ పనిలోకి ఇప్పుడు కూతురు వెళ్తోంది.

"మా అమ్మికి ఏడో నెల బాబూ. నాను పడ్డాను, సెయ్యి పోయింది. అది పడితే ఇద్దరు పడ్డట్టు. కాన్పుకి ముందు ఒక్క బలుబు యెలిగితే సాలు. ఆఫీసోళ్ళకి సెప్తే 'యెలుగుతన్నాయి గదా' అంటారు."

ఇంతకంటే మంచి పని ఒక ఫొటోకి ఏముంటుంది? మర్నాటి సాయంత్రమే రైలెక్కాను. వీధి నిజంగానే చీకటి. రైలు పట్టాల అవతల గూడ్స్ యార్డు నుంచి వచ్చే మసక వెలుతురు తప్ప ఏమీ లేదు. నా చెయ్యి నాకు కనబడలేదు. కాలు ఎక్కడ వేస్తున్నానో తెలియక పెద్దావిడ భుజం పట్టుకుని నడిచాను. బల్ల నిలబెట్టి, నేర్చుకున్న విద్యంతా ఉపయోగించి, కెమేరా కన్ను ముప్పై సెకన్లు తెరిచి ఉంచాను. ఒకటికి పదిసార్లు తీసి, బాగా వచ్చినది ఏరి పంపాను. "అద్భుతం గురూ," అన్నాడు ఇన్‌చార్జి.

ఆదివారం పేపరు చూశాను. పైన పెద్ద అక్షరాల్లో "చీకట్లో మగ్గుతున్న వీధి". కింద ఫొటోలో ఆ వీధి బంగారంలా మెరిసిపోతోంది. గోడల మీద సున్నం కనబడుతోంది. గుమ్మాల ముందు ముగ్గులు కనబడుతున్నాయి. కాలవలో నీళ్ళు కూడా తళతళలాడుతున్నాయి. ముప్పై సెకన్లలో బిందె నిండిపోయి పొర్లిపోయింది.

పొద్దున్నే ఫోను మోగింది. పెద్దావిడ.

"ఏటి బాబూ, మా ఈదికి దీపాలు నేవు గదా. నువ్వెక్కడి నుంచి తెచ్చేవు ఎలుతురు?"

"అది కెమేరా అలా..."

"మా అమ్మి ఫొటో సూసి అంటంది, 'అమ్మా, ఈ ఈది బాగుంది, మనవక్కడ ఇల్లు తీసుకుందామే' అని."

వెనక నుంచి కూతురి నవ్వు వినబడింది. ఆ నవ్వులో నన్ను క్షమించిన జాడ లేదు.

ఆ సాయంత్రమే మళ్ళీ వెళ్ళాను. ఈసారి కెమేరా కన్ను మూసి తెరిచినట్టు చటుక్కున తీశాను. పూర్తి నలుపు. డెస్కుకి పంపితే ఇన్‌చార్జి చాలా మర్యాదగా అడిగాడు. "మూత తీశారా గురూ?"

"అది చీకటి సార్. అక్కడ అలాగే ఉంటుంది."

"నల్ల చదరం వేసి కింద 'ఇది వీధి' అని రాస్తే, రేపు పక్క పత్రికవాడు అదే వేసి 'ఇది వాళ్ళ ఎడిటర్' అని రాస్తాడు."

మీకు ఇప్పుడు నా ఇబ్బంది అర్థమై ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు తీస్తే ఏమీ లేదు. ఉన్నదానికంటే ఎక్కువ తీస్తే అన్నీ ఉన్నాయి. మధ్యలో ఎక్కడో ఆ వీధి ఉంది, అందులో ఏడో నెల మనిషి పొద్దున్నే చీపురు పట్టుకుని గోడ తడుముకుంటూ నడుస్తోంది.

అంతలో ఆ ఊళ్ళో గ్రీవెన్స్ రోజు వచ్చింది. జిల్లా అధికారులందరూ ఒక షామియానా కింద కూర్చుని జనం అర్జీలు తీసుకునే రోజు. పెద్దావిడ తన అర్జీ ఇచ్చింది. ఊరి మున్సిపల్ ఆఫీసరు లేచాడు. చెడ్డవాడు కాదు. నీటుగా రంగు వేసిన మీసం, ఎవరొచ్చినా కుర్చీ వేయించే స్వభావం. పొద్దుగూకాక బయటికొస్తే జలుబు చేస్తుందన్న ఒక్క భయం తప్ప ఆయనకి ఏ దుర్గుణమూ లేదు. ఆయన సంచీలోంచి మా పేపరు తీసి కలెక్టరమ్మ ముందు పరిచాడు.

"చూడండి మేడం. తెలుగు పేపరు. రాత్రిపూట తీసిన ఫొటో. పగల్లా ఉంది."

నేను లేచాను. "మేడం, కెమేరా కన్ను ముప్పై సెకన్లు తెరిచి ఉంచితే అలా వస్తుంది. మామూలుగా చీకటే."

ఆఫీసరు నా వైపు ఎంతో ప్రేమగా చూశాడు. "అయితే వాళ్ళని కూడా ముప్పై సెకన్లు కళ్ళు తెరిచి ఉంచమనండి."

షామియానా అంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. కలెక్టరమ్మ వయసులో చిన్నది, అర్జీ మళ్ళీ చదివి తల ఎత్తింది. "పేపర్లో ఫొటోతో తేలేది కాదిది. చీకటి పడ్డాక మీరే వెళ్ళండి. స్తంభం పైనుంచి కిందిదాకా, పక్కన మీరు, వెనక వీధి. మూడూ ఒక్క ఫొటోలో నాకు రేపటికి రావాలి."

ఆయన మొహంలో అప్పుడే జలుబు మొదలైంది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకున్నాడు. "మీరు కూడా రండి. ఎలాగూ తీస్తారు, మీ పేపర్లో కూడా వేయవచ్చు."

ఆ సాయంత్రం ఆయన కంటే ముందు నేను వీధికి చేరాను. చేరి, సందు మొగలో ఆగిపోయాను. వీధి వెలిగిపోతోంది. ఈసారి కెమేరాలో కాదు, నిజంగా. పెళ్ళి ఊరేగింపుల్లో నెత్తి మీద మోసే రంగు రంగుల దీపాల గుత్తులు వరసగా గోడలకి ఆనించి ఉన్నాయి. చివర బండి మీద జనరేటరు దడదడలాడుతోంది. ఆ వీధి మగవాళ్ళలో కొందరు పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ దీపాలు మోసే పనికి వెళ్తారు. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టారు. పిల్లలకి పౌడరు పూశారు. కుర్చీకి తువ్వాలు పరిచారు.

"ఎవరు పెట్టమన్నారు ఈ లైట్లు?" అన్నాను. దాదాపు ఏడుపు గొంతుతో.

"నానే," అంది పెద్దావిడ.

"లైట్లు పెడితే లైట్లు లేవని ఎలా తెలుస్తుందమ్మా?"

"ఆయనొచ్చీది మొదటిసారి మా ఈదికి. పెద్దోరిని సీకట్లో నిలబెట్టి మాటాడతారేటి? మరేద ఉండక్కర్నేదా? నువ్వయితే ఇంటి మనిసివి, నా బుజం పట్టుకుని వచ్చేవు."

"తీయించండి, ఆయనొచ్చేలోపు."

"కూకున్నాక తీస్తాం లే బాబూ. ముందు టీ తాగనీ."

వ్యవహారం టీ దాకా ఆగలేదు. కారు పెద్ద రోడ్డు మీద వదిలి, లైట్ల విభాగం ఇంజనీరుతో, లైన్‌మన్‌తో ఆయన సందులోకి అడుగుపెట్టాడు. మొహం వికసించింది. "వాహ్! దీపావళిలా ఉంది కదా. దీనికి అర్జీ ఎందుకు?"

ఇంజనీరు చెవిలో చెప్పాడు. "ఇవి పెళ్ళి లైట్లు సార్."

"లైటు లైటే," అన్నాడు ఆఫీసరు. తిన్నగా మూడో స్తంభం పక్కకి వెళ్ళి నిలబడి, దువ్వెన తీసి మీసం సర్దుకున్నాడు. "తీయండి."

నేను బల్ల కాళ్ళు విప్పాను. అంత నెమ్మదిగా నా జన్మలో విప్పలేదు. ఒక కాలు బిగించి, అది వదులు చేసి, మళ్ళీ బిగించాను. ఈ ఫొటో నేను తీస్తే వీధికి దీపాలున్నట్టు రెండోసారి రుజువు చేసినవాణ్ణి నేనే అవుతాను. తీయకపోతే ఇంజనీరు తన ఫోనుతో తీస్తాడు. పెద్దావిడ వైపు చూశాను. అప్పటికి ఆవిడకీ సంగతి బోధపడినట్టుంది. తువ్వాలు పరిచిన కుర్చీ పట్టుకుని కదలకుండా నిలబడింది. మర్యాద చేసిన చోట ఏమనగలదు?

సరిగ్గా అప్పుడు జనరేటరు దగ్గరున్న మనిషి జేబులో ఫోను మోగింది. అవతలి గొంతు వీధంతా వినబడింది. "ఏడ సచ్చేర్రా! పెళ్ళికొడుకు గుర్రమెక్కీసేడు!"

"వచ్చేస్తన్నాం, వచ్చేస్తన్నాం!"

దీపాల వాళ్ళు ఒక్క ఊపున గుత్తులు నెత్తికెత్తుకున్నారు. జనరేటరు బండి ముందు, తీగలు మధ్యలో, దీపాలు వెనక, రోజూ చేసే పనిలాగే వరస కట్టారు. వెలుతురు మా కళ్ళ ముందే వీధి చివరిదాకా నడుచుకుంటూ వెళ్ళి మలుపు తిరిగింది. ఆ తర్వాత ఏమీ కనబడలేదు.

"కరెంటు పోయిందా?" ఆఫీసరు గొంతు.

"పోనేదు బాబూ," పెద్దావిడ గొంతు. "వచ్చిందెప్పుడు గనక."

చీకట్లో దోమలు అందుకున్నాయి.

"ఫొటో తీశారా?" అన్నాడాయన.

"లేదు సార్."

"మరి తీయండి! రేపటికి వెళ్ళాలి."

ముందు ఫ్లాష్ కొట్టాను. ఆయన మొహం తెల్లగా, వెనక అంతా నలుపు, స్తంభం ఒక జానెడు. "బావిలో నిలబడినట్టున్నాను," అన్నాడు ఆయన చూసుకుని. నిజమే. ఇంజనీరు తన ఫోనుతో ప్రయత్నించాడు. ఆఫీసరుకి రెండు తలలొచ్చాయి. పిల్లలు సాయానికి ఫోను టార్చీలు వేశారు. చొక్కా గుండీలు వచ్చాయి, స్తంభం రాలేదు.

"ఇక ముప్పై సెకన్లదే సార్," అన్నాను. "మీరు కదలకూడదు."

"ఊపిరి?"

"తీసుకోవచ్చు."

చీకట్లోంచి పెద్దావిడ అంది. "కళ్ళు మాత్రం తెరిసి ఉంచండి బాబూ. ముప్పై సెకండ్లు."

వీధి మొత్తం కిసుక్కుమంది. ఆయన నిలబడ్డాడు. నిజాయితీగానే నిలబడ్డాడు. కానీ మా వైపు దోమలకి హోదా తెలియదు. పదో సెకనుకి మెడ మీద ఒక దెబ్బ, పదిహేనుకి చెవి మీద. ఫొటో వచ్చింది. వీధి బంగారంలా ఉంది. స్తంభం పైనుంచి కిందిదాకా ఉంది. దాని పక్కన రెండు మెరిసే బూట్లు, వాటి మీద ప్యాంటు మోకాలిదాకా, అక్కణ్ణించి పైకి పొగ.

"నేనేడీ?" అన్నాడు.

"కదిలారు సార్. కదిలినవాళ్ళు ఉండరు."

"నేనొచ్చాను కదా! ఇక్కడే ఉన్నాను కదా! మేడంకి బూట్లు పంపనా?"

ఇంకో రెండుసార్లు తీశాను. ఒకదాంట్లో మీసం ఒక్కటే స్పష్టంగా వచ్చింది.

ఇది చదివే కుర్రాళ్ళు ఇక్కడ నన్ను ఆపుతారు. "ఫ్లాష్ కూడా కొట్టి, కన్ను కూడా తెరిచే ఉంచితే మనిషీ వస్తాడు, వీధీ వస్తుంది కదా సార్?" వస్తాయి. ఆ కిటుకు ఆరు నెలల తర్వాత స్టూడియో బావ చెప్పాడు. ఆలస్యంగా చెప్పినందుకు అతనికి టిఫిను పెట్టించాను. ముందే తెలిసి ఉంటే నా ఫొటో వచ్చేది, ఆయన రిపోర్టు వెళ్ళేది, వీధి అలాగే ఉండేది.

ఆ రోజు ఎవరికీ దారి తోచలేదు. ఆఫీసరు చేతిరుమాలు మెడకి చుట్టుకుని రెండుసార్లు తుమ్మాడు. లైన్‌మన్ ఒడియాలో, తల గోక్కుంటూ అన్నాడు. "ఆగ్యా సార్, ఈ స్తంభానికి ఒక లైటు ఉంటే ఫొటో వస్తుంది."

"అయితే పెట్టు!" అని అరిచాడు ఆఫీసరు. "దానికి నన్నడగాలా? ఎక్కడుంటే అక్కణ్ణించి తే!"

దగ్గర్లో ఉన్నది మున్సిపల్ ఆఫీసు గేటు. లైన్‌మన్ ఆ గేటు దీపం విప్పుకుని, నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు. ఎక్కాడు, బిగించాడు, తీగ కలిపాడు. మూడో స్తంభం మీద తెల్లటి వెలుతురు పడింది. వీధంతా ఒకేసారి "ఓ" అంది. పిల్లలు ఆ వెలుతురు కిందకి పరుగెత్తుకొచ్చి తమ నీడలు చూసుకున్నారు. నేను మామూలుగా, ఒక్క క్లిక్కులో తీశాను. స్తంభం, ఆఫీసరు, వీధి. మూడూ ఉన్నాయి. ఆయన చూసుకుని చాలా సంతోషించాడు. నిజంగా ఫొటో బాగుంది. మీసం బ్రహ్మాండంగా వచ్చింది.

"పంపేయండి మేడంకి," అన్నాడు. లైన్‌మన్ మళ్ళీ నిచ్చెన ఆనించాడు.

"ఎందుకు?" అన్నాను.

"విప్పడానికి. అక్కడ గేటు చీకటిగా ఉంది, వాచ్‌మన్ తిడతాడు."

అతను మొదటి మెట్టు మీద కాలు పెట్టేలోపు పెద్దావిడ వచ్చి ఆ మెట్టు మీద కూర్చుంది.

"లే అమ్మా," అన్నాడు లైన్‌మన్.

"నెగవనేను నాయినా. కట్టు ఉంది."

"చేతికి కదా కట్టు!"

"సెయ్యి ఆసరా నేకుండా ఎలా నెగుస్తాను? నువ్వెల్లు, నిచ్చెన పొద్దున్న అంపిస్తాను."

లైన్‌మన్ ఇంజనీరుని చూశాడు, ఇంజనీరు ఆఫీసరుని చూశాడు. ఆఫీసరు గొంతు సవరించుకునేలోపు ఎదుటి గుమ్మంలోంచి కూతురు స్టీలు గ్లాసులో టీ పట్టుకొచ్చింది. కాలవ దాటడానికి గుమ్మం ముందు వేసిన పలక ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. ఆవిడ ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో పొట్ట పట్టుకుని, కిందికి చూసి, పలకని కాలితో ఒకసారి నొక్కి చూసి, అప్పుడు దాటింది. చూడ్డానికి వెలుతురు ఉంది కాబట్టి మేమంతా చూశాం. ఆఫీసరూ చూశాడు. గ్లాసు అందుకుని చాలాసేపు తాగలేదు.

"అల్లం ఏసేను బాబూ," అంది కూతురు. "జలుబుకి మంచిది."

ఆయన తాగాడు. ఖాళీ గ్లాసు ఇచ్చి, లైన్‌మన్‌తో ఒడియాలో, "ఉండనీ. గేటుకి రేపు స్టోర్లోంచి వేరేది తీసుకో," అన్నాడు.

పెద్దావిడ మెట్టు మీంచి లేచింది. ఆసరా లేకుండానే లేచింది. "బాబూ, ఇంకా ఐదు స్తంబాలున్నాయి. ఒక్కోదాని పక్కనా ఒక్కో ఫొటో దిగితే బాగుంటాది. మీ మీసం బాగా పడతంది."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఖర్చు ఆయనకి తెలియలేదు. కలెక్టరమ్మ ఫొటో చూసి మెచ్చుకుందట. ఫలానా వీధిలో రాత్రిపూట స్వయంగా తనిఖీ చేసిన ఆఫీసరని ఏదో మీటింగులో చెప్పిందట. అప్పటినుంచి ఆయనకి జలుబు భయం తగ్గింది. వారానికో స్తంభం చొప్పున వచ్చాడు. ప్రతిసారీ నాకు ఫోను చేశాడు. ప్రతిసారీ దీపం ముందు, తనిఖీ తర్వాత. ఆరోదాని రోజు కాలవ పలకలు కూడా సర్దించాడు. ఫొటోలో వంకరగా కనబడుతున్నాయని.

కూతురి కాన్పు సెలవు మొదలవడానికి రెండు రోజుల ముందు తెల్లవారుజాము బండి దిగి నేను మళ్ళీ ఆ వీధికి వెళ్ళాను. ఈసారి బల్ల పట్టుకెళ్ళలేదు. సందు మొగలో నిలబడ్డాను. కూతురు చీపురు చంకలో పెట్టుకుని ఇంట్లోంచి వచ్చింది. చెవి దగ్గర ఫోను. అవతల పెళ్ళి దీపాల పనికి పోయిన మొగుడనుకుంటాను, రాత్రి అన్నంలో నీళ్ళు పోయలేదని గట్టిగా తగువు పడుతోంది.

"ఫొటోయా బాబూ? బేగి తియ్యి, హాజరు టైమైపోతంది," అంది నన్ను చూసి, మళ్ళీ ఫోనులోకి, "నీతో కాదు, పేపరు బాబుతో. నువ్వుండు, నీ సంగతి సెప్తాను," అని నడుచుకుంటూ పోయింది. ఆరు స్తంభాలూ దాటేదాకా ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. కాలవ ఉన్న సంగతే మరిచిపోయింది.

ఆ ఫొటో ఆదివారానికి పంపాను. ఇన్‌చార్జి వెంటనే ఫోను చేశాడు.

"ఏంటి గురూ ఇది? వీధి, లైటు, ఎవరో ఆవిడ ఫోను మాట్లాడుకుంటూ నడిచిపోతోంది. ఇంతేనా?"

"అంతే సార్," అన్నాను.